పెద్దాయన చేతిలో సంచి లాక్కోవద్దు

'ఈ వయసులో నీకెందుకు నాన్నా శ్రమ, కూర్చో' అంటూ రిటైరైన తండ్రి చేతిలోంచి కూరగాయల సంచి అందుకోవడం మన ఇళ్లలో ప్రేమకు గుర్తు. మర్నాటి నుంచి ఆయన పాలకు వెళ్లరు, చిల్లర లెక్క చూడరు. అమ్మనైతే వంటింట్లోకే రానివ్వరు. మెదడుకు మాత్రం ఈ ప్రేమ అంత మంచిది కాదు.

జ్ఞాపకాలను పదిలపరచడంలో హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగానిది ముఖ్యపాత్ర. వయసుతోపాటు అది కుంచించుకుపోతుంటుంది. అల్జీమర్స్ మొదట దెబ్బతీసే భాగాల్లో అదీ ఒకటి. అమెరికాలో 120 మంది పెద్దవాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టును ఏడాదిపాటు వారానికి మూడు రోజులు నడిపించారు. పది నిమిషాలతో మొదలుపెట్టి నలభైకి పెంచారు. రెండో జట్టుతో ఒళ్లు సాగదీసే తేలిక వ్యాయామాలు చేయించారు. 2011లో ఫలితాలు వచ్చాయి. నడిచినవారిలో హిప్పోక్యాంపస్ దాదాపు 2 శాతం పెరిగింది. రెండో జట్టులో తగ్గింది.

మరి మెదడుకు కసరత్తో? గళ్లనుడికట్టు, చదరంగం మంచివే. అవి రానివాళ్లు దిగులుపడక్కర్లేదు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించింది. ఒకే భాష మాట్లాడేవారికన్నా, రెండు అంతకుమించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. అక్షరం ముక్క రానివారిలోనూ ఈ తేడా ఉంది! ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ... ఏ మాట ఎక్కడ వాడాలో ఎంచుకోవడమే మెదడుకు గుంజీలు తీయించడం కావచ్చు. ఆ లెక్కన రైతుబజారుకు వెళ్లొస్తే నడకా, బేరమూ, లెక్కా, కబుర్లూ అన్నీ ఒక్క ట్రిప్పులో అయిపోతాయి. దారి మర్చిపోతున్నవారిని మాత్రం ఒంటరిగా పంపకూడదు. మనవణ్ని తోడివ్వాలి.

ఇవన్నీ చేస్తే డిమెన్షియా రానే రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఫిన్లాండ్‌లో 1260 మందిపై రెండేళ్లపాటు తిండి, వ్యాయామం, మెదడుకు పని, బీపీపై నిఘా అన్నీ కలిపి పరీక్షించారు. 2015లో వెల్లడైన ఫలితాల్లో ఆలోచనాశక్తి మెరుగుపడిన మాట నిజమే గానీ, తేడా కొద్దిపాటిదే. పజిళ్లతో మతిమరుపు మాయమవుతుందనే ప్రకటనలు నమ్మి డబ్బు పోసుకోవద్దు.

అడిగిందే అడగడం, తెలిసిన వీధిలోనే తికమకపడటం కొత్తగా మొదలైతే 'వయసు కదా' అని వదిలేయకుండా డాక్టరుకు చూపించాలి. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ తగ్గడం వల్ల కూడా మతిమరుపు రావచ్చు. రక్తపరీక్షలో అవి బయటపడతాయి, వాటికి మందులున్నాయి.