నీట్ పోతే బయాలజీ కూడా పోయినట్టేనా?

‘నీట్‌లో సీటు రాలేదండీ, చేసేదేముంది, బీఎస్సీలో చేర్పించాం’... ఈ మాట చెప్పేటప్పుడు తల్లిదండ్రుల గొంతు తగ్గిపోతుంది. పక్కనున్న పిల్లాడు తల దించుకుంటాడు. బైపీసీ అంటే ఎంబీబీఎస్, అది రాకపోతే ఏదో ఒకటి అనే ఈ లెక్కే తప్పంటాను.

జపాన్‌లో షిన్యా యమనాక ఎముకల సర్జన్ కావాలనుకున్నారు. ఆపరేషన్లలో చెయ్యి తిరగలేదు. చివరికి ల్యాబ్‌కు మళ్లారు. 2006లో ఎలుక చర్మకణాల్లోకి నాలుగు జన్యువులు పంపి, వాటిని పిండదశ మూలకణాల్లాంటివాటిగా మార్చి చూపించారు. అలాంటి కణాలను గుండె, నరాలు, కన్ను... దేని కణాలుగానైనా పెంచొచ్చు. 2012లో నోబెల్ వచ్చింది. మొదట ఎంచుకున్న 24 జన్యువుల్లోంచి ఆ నాలుగింటిని తేల్చే ప్రయోగాలు చేసింది ఆయన శిష్యుడు కజుతోషి తకహాషి. ఆయన డాక్టర్ కాదు, ఇంజినీరింగ్ చదివి ఈ రంగంలోకి వచ్చారు. 2014లో కోబెలో ఒక వృద్ధురాలి చర్మం నుంచే రెటీనా కణాలను తయారుచేసి ఆమె కంట్లో అమర్చారు.

మన హైదరాబాద్‌నే చూడండి. సున్నం, యాసిడ్ పడి కన్ను దెబ్బతిన్నవారికి ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో మొదట్లో మూలకణాలను ల్యాబ్‌లో పెంచి అమర్చేవారు. తర్వాత ‘స్లెట్’ అనే తేలిక పద్ధతి కనిపెట్టారు. మంచి కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, తునకలు చేసి, దెబ్బతిన్న కంటిమీదే అతికిస్తారు. కణాలు అక్కడే పెరుగుతాయి. ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. కణం ఎలా పెరుగుతుందో ఓపిగ్గా గమనించినవాళ్లుంటేనే ఇలాంటివి సాధ్యం.

దారి సులువని చెప్పను. డిగ్రీ, పీజీలకు ఐదేళ్లు, పీహెచ్‌డీకి మరో ఐదారేళ్లు. ఇంటి బాధ్యతలున్నవారికి ఇది చిన్న విషయం కాదు. జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు రూ.37 వేలు అందుతుంది కానీ, తోటివాళ్లు ఉద్యోగాల్లో స్థిరపడే వయసులో మీరింకా విద్యార్థిగానే ఉంటారు. అది తెలిసే రండి. తిరుపతి ఐసర్‌లో చేరాలంటే ఐఏటీ రాయాలి. నీట్‌కు చదివిన మూడు సబ్జెక్టులూ పనికొస్తాయి, గణితం అదనంగా చూసుకోవాలి. డిగ్రీలో ఉన్నవారు ఏదైనా ల్యాబ్‌లో ఒక వేసవి గడిపి చూడండి. నచ్చిందో లేదో మీకే తెలిసిపోతుంది.

తల్లిదండ్రులకు ఒక్కటే మాట. ఈసారి ఎవరైనా అడిగితే ‘మావాడు బయాలజీ చదువుతున్నాడు’ అని మామూలు గొంతుతోనే చెప్పండి.