ఎడారి చాలు, మన రేవు మెట్లు గీయండి

ముక్తేశ్వరంలో నేను నెట్ సెంటర్ నడిపిన రోజుల్లో, కౌంటర్ స్ట్రైక్ ఆటలోని 'డస్ట్ 2' సందులు మా ఐనవిల్లి మండలం కుర్రాళ్ళకి సొంత వీధికన్నా బాగా తెలుసు. ఆ ఎడారి ఊరిని 2001లో కట్టింది కంపెనీ ఉద్యోగి కాదు, డేవ్ జాన్‌స్టన్ అనే ఇంగ్లండ్ కుర్రాడు. అసలా ఆటే హాఫ్-లైఫ్ అనే ఇంకో ఆట మీద ఇద్దరు అభిమానులు మొదలెట్టింది.

నాకు ఇంకా నచ్చింది ఫ్రీడూమ్. 1993 నాటి డూమ్ ఆట కోడ్‌ను ఐడీ సాఫ్ట్‌వేర్ 1997లో బయటపెట్టింది గానీ బొమ్మలు, శబ్దాలు, మ్యాపులు ఇవ్వలేదు. అభిమానులే కూర్చుని రాక్షసుల్నీ గోడల్నీ సంగీతాన్నీ కొత్తగా చేసుకున్నారు; అదే ఫ్రీడూమ్. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. చేసినవాళ్ళ పేర్లూ లైసెన్సూ మాత్రం చెరపకూడదు. అసలు డూమ్ బొమ్మకి రంగు మార్చి తెస్తే తీసుకోరు.

పాలిటెక్నిక్ చదివే మా మేనల్లుడు ఓ ఆట చేసి చూపించాడు. తుపాకీ ఏ ఆటలోదో, వెనక పాట ఏ సినిమాదో! "నెట్‌లో దొరికింది మావయ్యా, ఫ్రీయే" అన్నాడు. దొరికినంత మాత్రాన మనదైపోతుందా? రేపు దాన్ని నలుగురిలో పెట్టాలంటే వాడికే ఇబ్బంది.

అందుకే మన కుర్రాళ్ళకి నేను చెప్పేది: ఫ్రీడూమ్ లాగే మన కోనసీమ బొమ్మల మూట ఒకటి మీరే కట్టండి. డూమ్‌లో నేల ముక్క 64 చుక్కల (పిక్సెళ్ళ) పొడవు, 64 వెడల్పు. ఆట మొత్తానికీ 256 రంగులే. దానికి ఫోను కెమెరా చాలు. పెంకుల వరసని నీడ పడని వేళ ఎదురుగా నిలబడి తీయాలి. కుడి అంచు ఎడమ అంచుతో అతకాలి, లేకపోతే గోడంతా గీతలే. కాలవ రేవులో నాచు పట్టిన మెట్లు, కొబ్బరి డొక్కల గుట్ట, సున్నం రాలిన అరుగు, అన్నీ పనికొస్తాయి. కొబ్బరిచెట్టుకి ఒక్క బొమ్మ చాలు, ఎటునుంచి చూసినా అది మనవైపే తిరిగి ఉంటుంది. ఐనవిల్లి సిద్ధివినాయకుడి గుడిని మాత్రం తుపాకీ ఆటలోకి లాగకండి. పిల్లల పరీక్షల కోసం పెన్నులకి పూజ చేసే చోటది.

ప్రతి బొమ్మ పక్కనా ఎవరు తీశారో, ఎక్కడ తీశారో, ఏ షరతు మీద ఇస్తున్నారో ఒక్క లైను రాయండి. శత్రువుల జోలికి ముందే పోకండి. ఒక్కొక్కణ్ణి ఎనిమిది వైపుల నుంచి చూపాలి. అద్దంలోలా తిప్పి కొన్ని మిగుల్చుకున్నా, ప్రతి అడుగుకీ ఐదేసి గీయక తప్పదు. వాళ్ళని ప్రస్తుతానికి ఫ్రీడూమ్ నుంచే తెచ్చుకోండి, లైసెన్సు ఒప్పుకుంటుంది.