దేవుడి కళ్లుగప్పిన వంటకం!

ఈస్టర్ ముందు ఉపవాస దినాలు. మాంసం ముట్టకూడదు. చేతికందిన మాంసాన్ని పారేయడానికి మనసొప్పదు. మరెలా? దాన్ని కీమా కొట్టి, పాలకూరలో కలిపి, పిండి పొరలో దాచేశారట. పైనుంచి చూసే దేవుడికి తెలియదు కదా! దక్షిణ జర్మనీలోని స్వాబియా ప్రాంతంలో మౌల్‌టాషన్ గురించి చెప్పుకునే కథ ఇది. 1147లో ఏర్పడిన మౌల్‌బ్రాన్ మఠంలోని సన్యాసులదే ఈ తెలివని అంటారు. కథ నిజమో కాదోగానీ, స్థానికులు దీనికి పెట్టుకున్న ముద్దుపేరుకి అర్థం మాత్రం 'దేవుణ్ని బురిడీ కొట్టించేది' అని!

దేవుడి సంగతి సరే, ఆ పాలకూరని చూసి తినేవాళ్లూ బురిడీ పడుతుంటారు. ఆకుకూర వంటకమే కదా అనుకుంటారు. నిజానికి లోపలి ముద్దలో ఎక్కువ భాగం పంది మాంసం లేదా గొడ్డు మాంసం, సాసేజ్‌లకు వాడే మెత్తని మాంసం, నానబెట్టిన బ్రెడ్డూ. ఉల్లి, పార్‌స్లీ, జాజికాయ రుచికోసం. పైపొర గోధుమపిండి, గుడ్లు. కాబట్టి ప్రొటీన్లకు లోటుండదు, పీచే తక్కువ. వంద గ్రాములకు సుమారు 200 క్యాలరీలు.

అసలు తేడా వండటంలో వస్తుంది. వేడివేడి మాంసం రసంలో వేసి తింటే అదనపు కొవ్వు పెద్దగా చేరదు. మిగిలినవాటిని మర్నాడు ముక్కలుగా కోసి వెన్నలో వేయించి, గుడ్డు కొట్టిపోయడం అక్కడి ఇళ్లలో మామూలే. రుచి అద్భుతమే, కానీ పెద్ద చెంచాడు వెన్నతోనే మరో వంద క్యాలరీలు!

అలాగని రసంలో తింటే అంతా క్షేమమేనా? అక్కడ కాచుక్కూర్చునేది ఉప్పు. ప్యాకెట్లలో దొరికేవాటిలో వంద గ్రాములకు ఒక గ్రాముకి పైగానే ఉప్పుండటం మామూలు. మూడొందల గ్రాములు తింటే మూడు గ్రాములు దాటినట్టే. ప్రపంచ ఆరోగ్యసంస్థ రోజు మొత్తానికి పెట్టిన హద్దు అయిదు గ్రాముల లోపు. రసంలోని ఉప్పు దీనికి అదనం. బీపీ ఉన్నవాళ్లు రసాన్ని గిన్నెలోనే వదిలేయడం మంచిది.

కార్ల కంపెనీల ఊరు స్టట్‌గార్ట్‌కు ఉద్యోగాలకని వెళ్లే తెలుగువాళ్లలో శాకాహారులు మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఉత్త కూరగాయలతో చేసినవీ దొరుకుతాయక్కడ. ప్యాకెట్ మీద 'గెమ్యూజె', అంటే కూరగాయలు అని ఉందని సంబరపడకుండా, లోపలేం వేశారో చదవాలి. హోటల్లో అయితే రసం దేంతో కాచారో కూడా అడగాలి!