ఆ తూకం రాయినే పిల్లలకివ్వండి

వేసవి సెలవులొస్తే చాలు, చర్చిల్లో పిల్లలకి "బైబిలు జ్ఞానం" క్లాసులు. 1780లో గ్లౌసెస్టర్ లో రాబర్ట్ రైక్స్ పెట్టిన సండే స్కూలు పనిపిల్లలకి చదువు చెప్పింది. అది జమ.

మరి ఖర్చు? బెత్తం వాడని తండ్రి కొడుకుని ద్వేషిస్తున్నట్టేనంటుంది సామెతలు 13:24. తిరగబడే కొడుకుని రాళ్ళతో కొట్టి చంపమంటుంది ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయం. బడిలో పిల్లల్ని కొట్టడాన్ని మన 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది.

"అవి ఆ కాలానికే" అంటారా? సరే. ఏది చెల్లుతుందో, ఏది చెల్లదో తేల్చిందెవరు? గ్రంథం కాదు, మీ ఇంగితం! కరోల్ బాగ్ కొట్లో చొక్కా కొన్నా తిరగేసి చూస్తాం కదా. రక్షణశాఖ లెక్కల్లో తలపండిన నాకు తెలిసిందొకటే: సగం పేజీలు దాచిన ఖాతా ఆడిట్ లో నిలవదు.

గీతకైనా, ఖురానుకైనా ఇదే లెక్క. ముందు పిల్లలకి ప్రశ్న నేర్పండి. గ్రంథాల తనిఖీ వాళ్ళే చేసుకుంటారు.