ఫ్లాష్ లేకుండా తీస్తావా? ఎవర్ని?



2025 ఫిబ్రవరిలో సోనీ వాళ్లు 16 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ ప్రకటించిన దగ్గర్నుంచి మన ఏఎస్ పేట, ఆత్మకూరు పిల్లలకు వేరే ధ్యాస లేదు. "భాయ్, ఉర్సుకు ఇదే కావాలి. గంధం రాత్రి ఫ్లాష్ జరూరతే లేదు" అని నాతో ఒకటే బహస్. ఇరవై ఏళ్లుగా నికాలు, వలీమాలు తీసి రోజీ సంపాదించుకున్నవాణ్ణి. కాబట్టి ముందు ఇన్సాఫ్‌గానే చెబుతా.

లెన్స్‌లో ఖరాబీ ఏమీ లేదు. బరువు 304 గ్రాములు. 2023లో సిగ్మా తెచ్చిన 14 ఎంఎం ఎఫ్/1.4 కిలో దాటుతుంది, దాన్ని మెడకేసుకుని బరాత్ వెంట నడిచినవాడికి తెల్లారేసరికి మెడ ఉండదు. ఎఫ్/2.8తో పోలిస్తే ఈ 1.8 దాదాపు రెండున్నర రెట్ల వెలుతురు లోపలికి తీసుకుంటుంది. 2025లో ప్రకటించినప్పుడు ధర అమెరికాలో 800 డాలర్లు, అప్పటి మన లెక్కలో డెబ్బై వేల దాకా. సూద్ కట్టి కిస్తీల మీద కొనకండి. ఆ మాట ఇంతటితో చాలు.

నా ఝగడా లెన్స్‌తో కాదు. "ఫ్లాష్ జరూరతే లేదు" అన్న ఆ ఖుషీతో.

హజ్రత్ ఖాజా రహమతుల్లా నాయబ్ రసూల్ దర్గాకు జనం ఎందుకొస్తారో మనకు ఒకరు చెప్పాలా? మనసు చెదిరిన కొడుకుని, నిద్ర మరిచిన కూతుర్ని వెంటబెట్టుకుని వస్తారు. మనవాళ్లూ వస్తారు, హిందువులూ వస్తారు. రోజుల తరబడి ఆ సహన్‌లోనే పడుకుంటారు. హాజిరీ వచ్చినప్పుడు జుట్టు విరబోసుకుని ఊగే పిల్లకు తన దుపట్టా ఎక్కడ పడిందో తెలియదు. అది చూడాల్సిన తల్లి అలసి గోడకు ఆనుకుని ఉంటుంది. కెమెరాకు చిక్కేది సరిగ్గా ఆ ఘడియే.

ఫ్లాష్ ఉన్నప్పుడు కనీసం ఒక ఇత్తిలా ఉండేది. వెలుగు పడగానే తల్లి ఉలిక్కిపడేది, కొంగు అడ్డం పెట్టేది, "ఎవడ్రా అది" అని గద్దించేది. ఆ ఒక్క హక్కూ మీ 1.8 తీసేస్తోంది.

"మేం మినార్ తీస్తాం భాయ్, మనుషుల్ని కాదు" అంటారు. 16 ఎంఎం లెన్స్ మూల నుంచి మూలకు 107 డిగ్రీలు చూస్తుంది. లెన్స్ మొహం మినార్ వైపే ఉన్నా, పక్కన చాప మీద కూర్చున్న ఆడమనిషి కూడా ఫ్రేములోకి వచ్చేస్తుంది. తనవైపు తిప్పని కెమెరాలో తాను ఉన్నానని ఆమెకెలా తెలుస్తుంది? పైగా అంచున ఉన్న మొహాన్ని సాగదీసి వికారం చేస్తుంది, అది వేరే సంగతి.

"బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ అయిపోతుంది కదా" అన్నాడు ఇంకొక హుషార్ పిల్లవాడు. బేటా, అది 85 ఎంఎం మాట. 16 ఎంఎంలో 1.8 దగ్గరే పెట్టి అయిదు మీటర్లకు ఫోకస్ చెయ్యి. రెండున్నర మీటర్ల నుంచి ఆకాశం దాకా అంతా తేటగానే వస్తుంది. మొహాలతో సహా.

ఫోన్లు ఈ పని ఎప్పట్నుంచో చేస్తున్నాయి, ఒప్పుకుంటా. నాకు తెలిసిన ఒక ఇంట్లో పిల్ల నయమై తిరిగొచ్చింది, చదువూ మొదలెట్టింది. రిష్తా మాటలు కుదిరే వేళకు అబ్బాయి తరఫువాళ్లు ఒక పాత వీడియో చూపించి లేచిపోయారు. తీసినవాడెవడో ఆ ఇంటివాళ్లకు ఇప్పటికీ తెలియదు. అది మసక ఫోన్ వీడియో. మీరు తేబోయేదాంట్లో కనురెప్పలు కూడా లెక్కపెట్టొచ్చు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్ చూడండి. చికిత్సా కేంద్రంలో ఉన్న మానసిక మరీజ్ ఫోటో అతని ఇజాజత్ లేకుండా మీడియాకు ఇవ్వకూడదు. దర్గా సహన్ దాని కిందికి వస్తుందా రాదా అన్న బహస్ వకీళ్లు చేసుకోనీ. సూరా హుజురాత్ 12వ ఆయత్ తజస్సుస్‌ను, అంటే ఒకరి గుట్టు వెతకడాన్ని, మనా చేసింది. దానికి వకీలు అక్కర్లేదు.

"తల్లిని అడిగి తీస్తే?" అంటే, కూతురు నయం కావాలని దువా చేస్తూ ఏడుస్తున్న తల్లి దేనికైనా తల ఊపుతుంది. అది ఇజాజత్ కాదు, లాచారీ.

కొన్నవాళ్లు కొన్నారు, ముబారక్. ఉర్సు రాత్రి నా దగ్గరకు రండి. గంధం ఊరేగింపు ముందు నిలబడి ఎలా తీయాలో, దీపాలు అంటుకున్న మినార్‌ను వంకర లేకుండా ఎలా పట్టాలో చూపిస్తా. సహన్ గేటు దగ్గరకు వచ్చేసరికి మాత్రం లెన్స్ క్యాప్ బిగించి సంచీలో పెట్టాలి. నాది ముందే పెట్టేసి ఉంటుంది.