అభయశాసనము నుండి రేవుల చట్టము వరకు

పత్తి, మిరప పండించు గుంటూరు, ప్రకాశం మైదానముల రైతునకు ఓడరేవుల చట్టముతో పనియేమని కొందరు అడుగవచ్చును. విదేశమునకు పోవు సరుకు రేవులో ఎన్నాళ్లు నిలిచినను, అచ్చట ఎంత రుసుము పడినను, ఆ భారము వర్తకుని మీదుగా తుదకు మిరపకల్లము వరకు వచ్చును. అట్టి చట్టములు 2025లో మారినవి. ఆ ఆగస్టులో పార్లమెంటు 1908 నాటి భారత రేవుల చట్టమునకు బదులు క్రొత్తదానిని, 1958 నాటి వర్తక నౌకాచట్టమునకు బదులు మరియొకదానిని ఆమోదించినది. ఈ మార్పును తూచుటకు మన తీరముననే ఒక పాత తూనికరాయి కలదు.

నేడు బాపట్ల జిల్లాలోనున్న మోటుపల్లి కాకతీయుల కాలమున పేరుమోసిన రేవు. గణపతిదేవ చక్రవర్తి 1244-45లో అచ్చట అభయశాసనము వేయించెను. పూర్వపు రాజులు తుపానునకు చిక్కి ఒడ్డున పడిన ఓడలలోని సరుకునంతటిని స్వాధీనము చేసికొనెడివారు. గణపతిదేవుడు ఆ ఆచారమును మాన్పి, నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు గ్రహింపనని ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకము ముప్పదింట ఒక వంతు. అనగా ఆ శాసనము వర్తకుని కట్టడి చేయుటకు ముందు, రాజు తన చేతినే కట్టివేసికొనెను. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డియు అదే రేవున వర్తకులకు అభయమిచ్చెను.

తరువాత వచ్చిన కథ వేరు. పెదపల్లి యని కూడ పిలువబడిన నిజాంపట్నమునకు డచ్చివారు 1606లో, ఆంగ్లేయులు 1611లో మన నూలుబట్టలకై వచ్చిరి. నాడు అనుమతి కోరి వచ్చినవారే కాలక్రమమున శాసనకర్తలైరి. వారి 1894 నాటి వర్తక నౌకాచట్టమును చూడుడు. ఒప్పందము తప్పి ఓడ విడిచిపోయిన నావికుడు తన జీతమును, ఓడలోని సామానును కోల్పోవలెను. అంతేకాక, బ్రిటనులో తప్ప తక్కినచోట్ల అతనికి 12 వారముల వరకు ఖైదు విధింపవచ్చును. తప్పు ఒక్కటే, తన గడ్డపై చెరసాల తగదని తలచిన ప్రభుత్వమే వలసదేశములలో దానిని ఉంచినది. కూలికై చేసికొన్న ఒప్పందమును తప్పుట ఒకచోట వ్యవహారమాత్రము, మరొకచోట నేరము!

అయినను వలసకాలపు కట్టుబాట్లన్నియు అన్యాయములని త్రోసివేయరాదు. ఓడలోని బరువును రేవులో పారబోయరాదనుట, దారిచూపు తేలుగుర్తులను చెరుపరాదనుట 1908 చట్టములోని నియమములు. ఇట్టివి ఏ ప్రభుత్వమునకైనను అవసరములే. పైగా ఆ చట్టము క్రింద నేరములను విచారించువాడు మేజిస్ట్రేటు. రేవును నడుపు అధికారి కాడు.

క్రొత్త రేవుల చట్టము కొన్ని తప్పులను నేరములనెడి పేరునుండి తొలగించి, ద్రవ్యదండనతో సరిపెట్టినది. ఇది మెచ్చదగినదే. కాని రేవు సంరక్షణాధికారికే ఆ జరిమానాలను నిర్ణయించు అధికారము కలిగినది. ఆజ్ఞ ఇచ్చువాడు, ఆజ్ఞ తప్పినదని తేల్చువాడు ఒక్కడైనచో చిన్న ఓడవానికి, చిన్న ఎగుమతిదారునకు దిక్కెవరు? పెద్ద సంస్థకు న్యాయవాదులు ఉందురు. వీరికి కావలసినది త్వరగా, తక్కువ వ్యయముతో దొరకు స్వతంత్ర విచారణ.

ఈ ప్రశ్న మన ప్రాంతమునకు దూరమైనది కాదు. నిజాంపట్నము, వాడరేవు ఇప్పటికిని చిన్న రేవులే. దక్షిణమున రామాయపట్నములో పెద్ద రేవు నిర్మాణమునకు 2022 జూలైలో భూమిపూజ జరిగినది. సరుకు దగ్గరి తీరమునుండి పోవు రోజు వచ్చినప్పుడు, రేవున అమలగు న్యాయముకూడ దగ్గరగానే ఉండవలెను.

విద్యార్థులు ఈ చట్టములను చదువునప్పుడు దండనల పట్టికతో తృప్తిపడరాదు. అధికారి చేతిని చట్టము ఎంతవరకు కట్టినదో కూడ వెదకవలెను. మోటుపల్లి శాసనము మనకు నేర్పిన పాఠమిదియే.