గుడారానికి చోటేదీ?

హైదరాబాదుకు ఉత్తరాన, మేడ్చల్ నుండి శామీర్‌పేట దాకా ఉన్న నేలలో ఒక సామాన్యుడు ఒక్క రాత్రి ఆకాశం కింద పడుకోదలిస్తే ఏం చేయాలి? డబ్బివ్వకుండా, చట్టాన్ని మీరకుండా, ఎవరి గోడా దూకకుండా? నాకు దొరికిన సమాధానం ఒక్కటే: ఇంటికి పోయి పడుకోవాలి. దీనిని మనమంతా సహజమైన సంగతిగా ఎంచుతున్నామే, నా తగవంతా దానితోనే.

1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరి, హైదరాబాదు దాటాక పట్టినది ఈ నాగపూరు బాటనే. మేడ్చల్ ఆ బాట మీది ఊరు. పరివారంతో, డేరాలతో, మజిలీ వెంట మజిలీగా సాగిన యాత్ర అది. ఊరి వెలుపల నాలుగు చెట్లు, ఒక చెరువు ఉంటే బాటసారికి అదే విడిది. ఆ బాటే నేటి 44వ జాతీయ రహదారి. ఇప్పుడు దాని పక్కన చెట్టు కనబడితే దాని చుట్టూ ప్రహరీ, ప్రహరీకి గేటు, గేటుకు కాపలాదారు కనబడతారు.

ఉమ్మడి నేలకు మన వాడుకలో పేర్ల కొరత లేదు. చెరువు నీరు నిలిచే నేల శిఖం. పశువుల మేతకు విడిచినది గైరాను. పోరంబోకు అంటే పన్ను లెక్కకు వెలుపల ఉంచిన నేల. ఆ మాటను మనుషులను తిట్టడానికి వాడుకుంటున్నాం. ఎవరి సొంతమూ కానిది పనికిమాలినదనే భావం మన నోటిలోనే స్థిరపడిపోయిందన్నమాట.

వివరాలలోకి వస్తాను. ఈ ప్రాంతంలో ప్రభుత్వ భూమి లేక కాదు. కండ్లకోయ, మేడ్చల్ పరిసరాలలో రిజర్వు అడవి ఉన్నది. కానీ 1967 నాటి అటవీ చట్టం ప్రకారం అందులో అనుమతి లేకుండా అడుగు పెట్టడమే నేరం, నిప్పు రాజేయడమూ నేరమే. ఆ అడవిలోనే ఒక ముక్కకు ఆక్సిజన్ పార్కు అని పేరు పెట్టి, టికెట్టు పెట్టి, పొద్దుగూకేసరికి జనాన్ని బయటికి పంపుతారు. హకీంపేట, దుండిగల్ వైపు వాయుసేన భూముల సంగతి చెప్పనక్కరలేదు. ఇక మిగిలింది చెరువు. శామీర్‌పేట చెరువు నీరు తగ్గినప్పుడు బయటపడే విశాలమైన నేలను చూసి అదంతా సర్కారుదే అనుకుంటాం. కాదు, శిఖంలోనూ పట్టాలుంటాయి, నీరు తీసినప్పుడు పట్టాదారు సాగు చేసుకుంటాడు. అందుచేత గుడారం వేయదలచినవాడు ముందు సర్వే నంబరు తెలుసుకుని, భూభారతిలో అది ఎవరిదో చూసి, హెచ్‌ఎండీఏ వారి చెరువు పటంలో పూర్తి నీటిమట్టపు గీత ఎక్కడున్నదో చూడాలి. ఇంత శ్రమపడి అది ప్రభుత్వ భూమే అని తేల్చుకున్నా, అక్కడ రాత్రి ఉండే హక్కు ఉన్నదని చెప్పే చట్టం ఒక్కటీ లేదు!

ఒక కార్యాలయానికి వెళ్ళి (ఏదని చెప్పను) చెరువు ఒడ్డున ఒక రాత్రి గుడారం వేసుకోవడానికి అనుమతి ఎవరిస్తారని అడిగాను. "మీకక్కడ ప్లాటుందా?" అన్నారు. లేదన్నాను. "మరి అక్కడ మీకేం పని?" అన్నారు. ఆ గుమాస్తాను నేను తప్పుపట్టను. నేలతో మనిషికి కొనడం, అమ్మడం తప్ప వేరే పని ఉంటుందని ఆయనకు ఎవరూ నేర్పలేదు. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం నూరు కోట్లు దాటి వేలం పలికింది. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో యంత్రాలు చెట్లను కూల్చాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమన్నది. మందల మేతకు విడిచిన కంచలు ఊరి పేర్లలో మాత్రం మిగిలాయి.

"మనవాళ్ళకు శుభ్రత తెలియదు, తాగి సీసాలు పగలగొడతారు, రాత్రిపూట భద్రత ఎవరిది?" అంటారు పెద్దమనుషులు. సీసాల మాట నిజమే, శామీర్‌పేట కట్ట కింద నేనూ చూశాను. గేట్లు, నిషేధాలు ఇన్ని ఉండగానే ఆ సీసాలు అక్కడికి వచ్చాయని గమనించమని మనవి. ఇదే జిల్లాలో కీసరగుట్ట మీద శివరాత్రికి వేలాది మంది, పిల్లలతో, ముసలివారితో, ఆరుబయట జాగారం చేస్తారు. సంక్రాంతి నుండి ఉగాది దాకా నగరంలోని జనం ఈ శామీర్‌పేట మీదుగానే కొమురవెల్లి మల్లన్న జాతరకు పోయి, చెట్ల కింద వండుకుని, అక్కడే నిద్రిస్తారు. నీళ్ళు, దీపాలు, పోలీసులు అన్నీ సమకూరుతాయి. దేవుడి పేరు చెబితే సాధ్యమైనది చుక్కలు చూస్తానంటే ఎందుకు అసాధ్యమవుతుంది? రిసార్టులో గదికి వేలు చెల్లించగలవాడికి అదే చెరువు గాలి రాత్రంతా దొరుకుతుంది. లేనివాడు అదే గాలికి కూర్చుంటే అనుమానితుడు.

స్వీడనులో ఎవరి నేల మీదనైనా, ఇంటికి దూరంగా, ఒకటి రెండు రాత్రులు గుడారం వేసుకోవడం అందరి హక్కు. స్కాట్లండు 2003లో దానిని చట్టం చేసింది. ఇంగ్లండులో డార్ట్‌మూర్ భూస్వామి ఒకరు కోర్టుకెక్కితే, 2025 మేలో అక్కడి సుప్రీంకోర్టు గుడారాల పక్షమే తీర్పిచ్చింది. అమెరికాలోని మన మిత్రులు సమాఖ్య ప్రభుత్వ భూములలో పద్నాలుగు రోజులు ఉచితంగా మకాం వేసి ఫోటోలు పంపుతుంటారు. ఇక్కడికి వచ్చినప్పుడు మాత్రం రిసార్టు బుక్ చేసుకుంటారు పాపం, వేరే దారేదీ?

పరిష్కారం మన నిబంధనలలోనే ఉన్నది. 2012 నాటి 168వ జీవో ప్రకారం పది హెక్టార్లకు పైబడిన చెరువుకు నీటిమట్టపు గీత నుండి 30 మీటర్ల మేర కట్టడాలు నిషిద్ధం. గుడారం కట్టడం కాదు, పొద్దున్నే మడిచి భుజాన వేసుకుని పోయేది. ఆ అంచున సర్కారీ నేల ఉన్నచోట, వానకాలం మినహాయించి, పది గుడారాలకు చోటు కేటాయించండి. ఒక నల్లా, రెండు మరుగుదొడ్లు, పేరు రాసుకునే ఒక పుస్తకం చాలు. నిప్పు వద్దనండి, సీసా తెచ్చినవాడికి జరిమానా వేయండి. పది మంది మంచివాళ్ళు నిదురించే చోట అక్రమంగా పాతే హద్దురాళ్ళు కూడా తగ్గుతాయి.

ఈ మాటలే అర్జీగా రాసి ఉంచాను. కలెక్టరేటు 2022 నుండి శామీర్‌పేట దగ్గర అంతాయిపల్లిలోనే ఉన్నది, చెరువుకు ఎంతో దూరం కాదు. సోమవారం ప్రజావాణిలో ఇస్తాను. కలిసి రాదలచిన మిత్రులు పదింటికల్లా అక్కడుంటే చాలు.